గేర్ ఎత్తమని చెప్పేవారూ పైలట్లే

ప్రశ్న

నాలుగు పేజీల ఉత్తరం ఇది. రాసిన పెద్దాయన తన పేరు వేయవద్దన్నారు. వయసు 62. ముప్పై అయిదేళ్లు నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. 1990ల చివర్లో ఇంటికి కంప్యూటర్ వచ్చిన నాటి నుంచి ఆయనకు ఒకటే వ్యసనం, సిమ్యులేటర్‌లో, అంటే కాక్‌పిట్‌ను అనుకరించే కంప్యూటర్ ఆటలో, విమానం నడపడం. వ్యసనం అన్నది ఆయన మాటే.

ఆరేళ్ల కిందట రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని తేలింది. మందులతో వాపు చాలావరకు అదుపులోకి వచ్చినా అప్పటికే కీళ్లకు జరిగిన నష్టం అలాగే ఉండిపోయింది. కుడిచేతి వేళ్లు చిటికెన వేలి వైపు వాలాయి. పిడికిలి పూర్తిగా మూసుకోదు. బొటనవేలి మొదట్లో ఎప్పుడూ నొప్పి. ఎడమ చేయి కొంత నయం. పొద్దున లేచాక గంటన్నర దాకా రెండు చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి. ఆయన వాడే జాయ్‌స్టిక్ మెలితిప్పితే రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) కదిలే రకం. తిప్పినప్పుడల్లా మణికట్టులో సూది గుచ్చినట్టు ఉంటుందట. కాక్‌పిట్‌లోని రేడియో నాబ్‌లను మౌస్ చక్రంతో తిప్పలేకపోతున్నారు. పోయిన నెల పక్కగాలిలో దిగుతూ మూడుసార్లు వరసగా రన్‌వే పక్క గడ్డిలోకి పోయారు.

కొడుకు పుట్టినరోజు కానుకగా ఖరీదైన యోక్ (స్టీరింగు లాంటి పిడి), ఆరు లివర్ల థ్రాటిల్ సెట్టు (ఇంజను శక్తి మార్చే మీటలు) కొనిచ్చాడు. యోక్‌ను పట్టుకోవడం ఈయన వల్ల కాలేదు. ఆ మాట చెప్పలేక దాని మీద గుడ్డ కప్పి ఉంచారు. కొడుకు వచ్చే ముందు గుడ్డ తీసి, రోజూ వాడుతున్నట్టు బల్ల మీద సర్దుతారు. "రాత్రుళ్లు మీ మూలుగు వినేది నేను, ఇక మానేయండి" అంటారు భార్య. వారానికోసారి ఆన్‌లైన్‌లో కలిసి ఎగిరే స్నేహితుల్లో ఒకాయన, "సిమ్యులేటర్ ఇచ్చే సహాయాలన్నీ ఆన్ చేసుకుని ఎగిరితే అది విమానం నడపడం కాదు, కిటికీ పక్కన కూర్చుని చూడటం" అన్నాడు. ఆ మాట అన్న వారం నుంచి ఈయన వాళ్లతో ఎగరడం లేదు.

ఆయన అడిగినవి మూడు. మానేయాలా? మానకపోతే ఏమి కొనాలి? కొడుక్కి ఏమని చెప్పాలి?

ఉత్తరం చివరి మాటలు ఇవి: "అర మిల్లీమీటరు తేడా రాకుండా గీత గీసిన చేయి ఇది. ఇప్పుడు బొమ్మ విమానాన్ని కూడా దించలేకపోతోంది."

సమాధానం

మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబులు ఉన్నాయి, చెబుతాను. కానీ మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు నాకు ఒకటి తోచింది. నాలుగు పేజీల్లో విమానం గురించి ఒక పేజీ ఉంటే చేయి గురించి మూడు పేజీలు ఉన్నాయి. మీరు రోజూ సాయంత్రం సిమ్యులేటర్ ముందు కూర్చుని చేస్తున్నది విమానం నడపడం కాదేమో, చేతికి పరీక్ష పెట్టడమేమో అనిపించింది. పరీక్ష ఫలితం మీకు ముందే తెలుసు. అయినా మళ్లీ పెడతారు. పక్కగాలిలో మూడుసార్లు గడ్డిలోకి పోయినవారు నాలుగోసారి గాలి తగ్గించుకుని దిగవచ్చు. సిమ్యులేటర్‌లో గాలి మీ ఇష్టం. మీరు తగ్గించలేదు.

ముప్పై అయిదేళ్లు చేతి నేర్పు మీద బతికిన మనిషికి ఆ నేర్పు పోవడం చిన్న దుఃఖం కాదు. దాన్ని తీర్చే పరికరం ఏ దుకాణంలోనూ లేదు. నేను చెప్పబోయే మార్పులన్నీ చేసినా మీ కుడి చేయి పాత చేయి కాదు. ఇది ముందే అనేస్తున్నాను, ఎందుకంటే కొత్త జాయ్‌స్టిక్ కొని, దానితోనూ పాత చేయి తిరిగి రాలేదని మీరు రెండోసారి బాధపడటం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు మీ స్నేహితుడి సంగతి. ఆయన మాట సగం తప్పు, సగం ఒప్పు. తప్పు సగం ముందు చూద్దాం.

ప్రయాణికుల జెట్ విమానంలో ఇద్దరు పైలట్లు ఉంటారు. ఒకరు నడుపుతారు, రెండోవారు పర్యవేక్షిస్తారు. విమానం నేలను వదిలి పైకి ఎక్కుతున్నదని పరికరాల్లో కనిపించగానే పర్యవేక్షించే పైలట్ ఆ సంగతి పైకి చెబుతారు. నడిపే పైలట్ "గేర్ అప్" (చక్రాలు పైకెత్తు) అంటారు. అంతే, అనడం వరకే. లివర్ మీద చేయి వేసి ఎత్తేది రెండోవారు. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) కూడా అంతే, ఒకరు అడుగుతారు, ఇంకొకరు కదుపుతారు. రేడియోలో మాట్లాడేది మామూలుగా పర్యవేక్షించే పైలటే. పైకి వెళ్లాక ఎక్కువ సేపు ఆటోపైలట్ ఆన్‌లోనే ఉంటుంది. చేతితో నడిపేది చాలా ప్రయాణాల్లో టేకాఫ్ తర్వాత కొన్ని నిమిషాలు, దిగేముందు కొన్ని నిమిషాలు. ఇంట్లో బల్ల ముందు ఒంటరిగా కూర్చుని ఒక చేత్తో స్టిక్, ఇంకో చేత్తో థ్రాటిల్, మధ్యలో మౌస్‌తో గేర్, ఫ్లాప్స్, రేడియో అన్నీ తిప్పే మీ స్నేహితుడు ఇద్దరి పని ఒక్కడే చేస్తున్నాడు. సరదాగా ఉంటుంది, కాదనను. కానీ అసలైన కాక్‌పిట్ అంటే అదేనని ఆయన అనుకుంటే పొరపాటు. (ఇది తీసుకెళ్లి ఆయనతో వాదనకు దిగకండి. నెగ్గినా ఒక స్నేహితుడు తగ్గుతాడు.)

ఒప్పు సగం ఏమిటంటే, చిన్న విమానంలో పైలట్ ఒక్కరే, అన్నీ తానే చేసుకోవాలి. పక్కగాలిలో ముక్కును వంకరగా పెట్టుకుని వచ్చి, నేలను తాకే ముందు రడ్డర్‌తో తిన్నగా చేసి, గాలి వైపు రెక్కను కాస్త దించి పట్టుకోవడం కాళ్లూ చేతులూ కలిసి చేసే పని. అందులో ఉన్న ఆనందం ఆటోపైలట్ ఇవ్వదు. మీరు పోగొట్టుకున్నది ఇదే. దీన్ని ఎంతవరకు తిరిగి తెచ్చుకోవచ్చో కింద చెబుతాను, పూర్తిగా మాత్రం కాదు.

కొనడం సంగతి తర్వాత. రెండు వారాల పాటు ఏమీ కొనకండి. ముందు సెట్టింగులు.

మీ జాయ్‌స్టిక్ మెలితిప్పే అక్షాన్ని ఈ రోజే తీసేయండి. సిమ్యులేటర్ కంట్రోల్స్ పేజీలో ఆ అక్షానికి ఉన్న కేటాయింపు తొలగిస్తే చాలు. పక్కకు వాలిన వేళ్లతో గట్టిగా పట్టుకుని మణికట్టు మెలి తిప్పడం మీ జబ్బు ఉన్న చేతికి అస్సలు పనికిరాని కదలిక. రడ్డర్‌ను ఆటో రడ్డర్‌కు అప్పగించండి. మలుపుల్లో అది తానే సర్దుతుంది. పక్కగాలిలో చేసే విన్యాసం మాత్రం దానితో కుదరదు. అది కావాలంటే కాలి పెడల్స్ కొనాలి. అయితే ఈ జబ్బు పాదాల కీళ్లనూ పట్టుకోగలదు. మీ ఉత్తరంలో కాళ్ల ప్రస్తావన లేదు. కాళ్లు బాగున్నాయి గనక లేదా, లేక చేయి బాధలో అవి గుర్తు రాలేదా? నేల మీద మడమ ఆనించి ముందరి పాదం అరగంట సేపు ఆడించి చూడండి. మర్నాడు పొద్దున నడిచేటప్పుడు తెలుస్తుంది.

తర్వాత సున్నితత్వం. ఇక్కడ చాలామంది మీకు తప్పు సలహా ఇస్తారు, మంచి మనసుతోనే. "చేతులు బాగాలేవా? అయితే సెన్సిటివిటీ తగ్గించు, డెడ్ జోన్ పెంచు" అంటారు. చేయి వణికేవారికి అది సరైన మాట. మధ్యలో చిన్న కదలికలను సిమ్యులేటర్ పట్టించుకోకుండా ఉంటే వణుకు విమానానికి చేరదు. మీకు వణుకు లేదు. మీ చేతికి బలమూ తక్కువ, కదిలే దూరమూ తక్కువ. మీకు కావలసింది దాదాపు దానికి ఎదురు. స్టిక్‌ను నొప్పి లేకుండా ఎంత దూరం నెట్టగలరో అక్కడికే విమానం పూర్తి కదలిక రావాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎక్స్‌ట్రీమిటీ డెడ్ జోన్ అనేది ఇందుకే ఉంది. దాన్ని పెంచితే స్టిక్ చివరిదాకా వెళ్లకముందే పూర్తి విలువ వస్తుంది. విమానాన్ని నేల మీద నిలిపి, బయటి నుంచి చూస్తూ స్టిక్ కదపండి. హాయిగా కదిపిన చోట రెక్క చివరి పలక పూర్తిగా లేచే వరకు ఆ విలువ పెంచుకుంటూ పోండి. తర్వాత ఎగిరి చూడండి. విమానం మరీ ఉలికిపడుతుంటే మధ్య భాగంలో స్పందన వంపును (స్టిక్ ఎంత కదిలితే విమానం ఎంత స్పందించాలో చూపే గీతను) కాస్త చదును చేయండి. ఎక్స్‌ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్‌లోనూ స్పందన వంపులు ఇలాగే మార్చుకోవచ్చు. ఒక గంట పని ఇది. డ్రాఫ్టింగ్ బల్ల మీద గీతలు సరిచూసుకున్న మనిషికి ఈ గంట నచ్చుతుందనే నా నమ్మకం.

స్టిక్ పట్టుకునే తీరు కూడా మార్చండి. పిడికిలి అవసరం లేదు. బల్ల మీద కాకుండా మోచేతి కంటే కింద, తొడల మధ్యనో కుర్చీ పక్కనో స్టిక్‌ను బిగిస్తే అరచేతితో పైనుంచి నెట్టవచ్చు. ముంజేయి ఏదో ఒకదాని మీద ఆనాలి. పిడికి మందంగా స్పాంజి చుడితే వేళ్లు అంతగా ముడవనక్కరలేదు. స్ప్రింగు గట్టిగా ఉండే స్టిక్‌లకు దూరంగా ఉండండి. యుద్ధ విమానాల నమూనాలో బరువుగా చేసే లోహపు స్టిక్‌లు చూడటానికి బాగుంటాయి, పావుగంటలో చేతిని అరగదీస్తాయి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి. ఏ విమానం?

మీరు నడిపేది ఎక్కువగా సెస్నా 172 అనే చిన్న విమానం అని రాశారు. మంచి విమానం, కాని ట్రిమ్ (స్టిక్ పట్టుకోకుండానే ముక్కును ఒక స్థితిలో నిలిపే సర్దుబాటు) వాడకపోతే చేతిని పీల్చేస్తుంది. బొటనవేలు నొప్పి పెడుతున్నది గనక మీరు ట్రిమ్ బటన్ నొక్కడం తగ్గించి, స్టిక్‌ను అదే పనిగా వెనక్కి పట్టుకుంటున్నారని నా అనుమానం. ఒక నొప్పి తప్పించుకోవడానికి ఇంకో పెద్ద నొప్పి కొనుక్కోవడం అది. ట్రిమ్‌ను బొటనవేలి నుంచి తీసి, ఎడమ అరచేతితో నొక్కగల పెద్ద మీటకో, కాలితో నొక్కే స్విచ్చుకో ఇవ్వండి. ఇంజను శక్తి పెట్టండి, ముక్కు పెట్టండి, ట్రిమ్ చేయండి, చేయి వదలండి. శిక్షణలో పైలట్లకు నేర్పే వరస కూడా ఇదే. ఒక్క తేడా గుర్తుంచుకోండి. అసలు విమానంలో ట్రిమ్ చేస్తే చేతిలో బరువు పోతుంది, యోక్ ఉన్నచోటే ఉంటుంది. మీ స్టిక్‌కు ఆ తెలివి లేదు, స్ప్రింగు దాన్ని ఎప్పుడూ మధ్యకే లాగుతుంది. కాబట్టి ట్రిమ్ చేస్తూ స్టిక్‌ను మెల్లగా మధ్యకు రానివ్వాలి.

సెస్నాను కొన్నాళ్లు పక్కన పెట్టగలిగితే ఎయిర్‌బస్ ఎ320 ఎక్కి చూడండి. 1988లో ప్రయాణికుల సేవలోకి వచ్చిన ఈ విమానంలో పైలట్ స్టిక్‌కు, రెక్కలకు మధ్య కంప్యూటర్లు ఉంటాయి. స్టిక్‌ను పక్కకు నెడితే విమానం వాలుతుంది, వదిలేస్తే ఆ వాలులోనే ఉంటుంది. 33 డిగ్రీల వాలు వరకు మీరు పట్టుకోనక్కరలేదు, మలుపులో ముక్కు పడిపోకుండా వెనక్కి లాగనక్కరలేదు. ట్రిమ్ దానంతట అదే చేసుకుంటుంది. థ్రాటిల్ లివర్లను ఎక్కేటప్పుడు ఒక గాడిలో పెడితే దిగే దాకా అక్కడే ఉంటాయి, దిగేటప్పుడు అదే "రిటార్డ్" (లివర్లు వెనక్కి తీయి) అని గుర్తు చేస్తుంది. అంటే ఇది చేతిని వదలమనే విమానం. ఇంకో సంగతి. కెప్టెన్ కూర్చునేది ఎడమ సీటులో, ఆ సీటుకు సైడ్‌స్టిక్ ఎడమ పక్కన ఉంటుంది. కాబట్టి ఎ320 కెప్టెన్లు ఎడమ చేత్తోనే నడుపుతారు. మీకు నయంగా ఉన్నది ఏ చేయి?

ఎడమ చేతికీ సరిపోయేలా మార్చుకోగల స్టిక్‌లు దొరుకుతాయి. థ్రస్ట్‌మాస్టర్ టి16000ఎం అలాంటిదే, అదే సంస్థ ఎయిర్‌బస్ నమూనాలో చేసే సైడ్‌స్టిక్ కూడా. రెండు వారాల తర్వాత కొనాలనిపిస్తే నేను ముందు చూసేది అదే. నష్టం కూడా చెప్పాలి. ఎ320 కాక్‌పిట్ నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. మొదట్లో ఇంజన్లు తిరుగుతూ రన్‌వే మీద సిద్ధంగా ఉన్న స్థితి నుంచే మొదలుపెట్టండి. పైగా అది పొలాల మీద తక్కువ ఎత్తున తిరిగే విమానం కాదు. కిటికీలోంచి చెట్లు లెక్కపెట్టే సుఖం పోతుంది.

చిన్న విమానమే కావాలంటే ఎర్కూప్ అనే పాత రకం ఒకటి ఉంది. 1940 నాటిది, ఫ్రెడ్ వీక్ రూపొందించాడు. రడ్డర్‌ను యోక్‌తోనే కలిపేశాడు, కాబట్టి మామూలు ఎర్కూప్‌లో రడ్డర్ పెడల్సే ఉండవు. పక్కగాలిలో వంకరగానే వచ్చి వంకరగానే దిగుతుంది. దాని చక్రాల కాళ్లు ఆ దెబ్బను ఓర్చుకుని విమానాన్ని తిన్నగా తిప్పుకుంటాయి. రెండు చేతులూ లేకుండా పుట్టిన జెస్సికా కాక్స్ 2008లో పైలట్ లైసెన్సు తీసుకున్నది ఈ విమానంలోనే, పాదాలతో నడిపి. ఆమె పేరు మిమ్మల్ని సిగ్గుపరచడానికి ఎత్తలేదు. ఎవరి శరీరం వారిది, ఎవరి నొప్పి వారిది. నాకు ఆ కథలో నచ్చేది ధైర్యం కన్నా విమానం ఎంపిక. తన శరీరాన్ని విమానానికి సరిపెట్టుకోకుండా, తనకు సరిపోయే విమానం వెతుక్కుంది.

గ్లైడర్‌లో మీటలు తక్కువే గాని పైకి లేచే గాలిలో గంటల తరబడి గుండ్రంగా తిరగాలి, స్టిక్ వదలడానికి ఉండదు. హెలికాప్టర్ జోలికి వెళ్లకండి.

మిగిలిన పనుల సంగతికి వస్తే, స్టిక్, రడ్డర్ నిరంతరం కదుపుతూ ఉండేవి. గేర్, ఫ్లాప్స్, దీపాలు, రేడియో, ఆటోపైలట్ దిశ అప్పుడప్పుడు ఒక్కసారి చేసేవి. ఈ రెండో రకం మీ వేళ్లకు ఏమాత్రం అక్కరలేదు. నోటికి అప్పగించండి. వాయిస్ అటాక్ లాంటి సాఫ్ట్‌వేర్ మైకులో విన్న మాటను కీబోర్డు నొక్కుగా మార్చి సిమ్యులేటర్‌కు పంపుతుంది. మీరు "గేర్ అప్" అంటే గేర్ లేస్తుంది. పైన చెప్పిన రెండో పైలట్ ఇతనే అనుకోండి. మాట వినడానికీ పని జరగడానికీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది కాబట్టి వెంటనే జరగాల్సిన పనులు దీనికి ఇవ్వవద్దు. ఇంజను ఆపే ఆజ్ఞను ఇంకే ఆజ్ఞతోనూ పోలిక లేని మాటకు కట్టండి. ఒకసారి నేను మామూలుగా దగ్గితే నా విమానంలో ఫ్లాప్స్ దిగాయి. మైకు ఎప్పుడూ తెరిచి ఉంచకుండా కాలి స్విచ్చు నొక్కినప్పుడే వినేలా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఇంట్లో ఒక్కరే కూర్చుని ఆజ్ఞలు జారీ చేస్తుంటే మీ భార్య మొదటి వారం ఏమంటారో నేను ఊహించగలను. రెండో వారానికి అలవాటవుతుంది.

నోటితో చెప్పడం నచ్చకపోతే పెద్ద మీటల దారి ఉంది. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ మీద అరచేతితో నొక్కే రెండు పెద్ద మీటలు, వెనక వరసగా 19 చిన్న సాకెట్లు ఉంటాయి. ఒక్కో సాకెట్‌కు ఒక్కో స్విచ్చు తగిలించి కాలి దగ్గరో, మోచేతి దగ్గరో, ఎక్కడ వీలైతే అక్కడ పెట్టుకోవచ్చు. విండోస్ కంప్యూటర్‌తోనూ పనిచేస్తుంది. స్విచ్చులు విడిగా కొనాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. మూడు నాలుగుతో మొదలుపెట్టి, నిజంగా చాలకపోతేనే పెంచండి. ఇంకో మాట. ఏ మీట అయినా నొక్కి పట్టుకోవాల్సిన పనికి కాకుండా, ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యే పనికి కేటాయించండి. నొక్కి పట్టుకోవడమే మీకు శత్రువు.

చుట్టూ చూడటానికి బొటనవేలితో తిప్పే చిన్న మీట బదులు, వెబ్‌క్యామ్‌తో తల కదలికను పట్టే ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. తల కొంచెం తిప్పితే తెర మీద చాలా తిరుగుతుంది. అయితే మీ జబ్బు మెడ ఎముకల కీళ్లనూ తాకుతుంది. మొదలుపెట్టే ముందు మీ డాక్టరును ఒక్క మాట అడగండి.

దిగేటప్పుడు చేతికి తీరిక కావాలంటే సిమ్యులేషన్ వేగాన్ని సగానికి తగ్గించండి. రన్‌వే మెల్లగా వస్తుంది, సరిచేసుకోవడానికి రెట్టింపు సమయం దొరుకుతుంది. పక్కగాలి ల్యాండింగ్ మీకు మళ్లీ కావాలంటే పెడల్స్, ఎడమ చేయి, సగం వేగం కలిపి చూడండి. మొదట గాలిని అయిదు నాట్లకు (గంటకు సుమారు తొమ్మిది కిలోమీటర్లకు) తగ్గించుకుని. స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఎగిరేటప్పుడు మాత్రం ఈ సగం వేగం కుదరదు.

నొప్పి సంగతిలో నేను మీ భార్య పక్షం. ఆమెకు విమానం మీద కోపం లేదు, రాత్రి మూలుగు వినేది ఆమె. కీళ్ల జబ్బు ఉన్నవారికి థెరపిస్టులు చెప్పే కొలత ఒకటి ఉంది. ఒక పని చేశాక పెరిగిన నొప్పి రెండు గంటలకు పైగా తగ్గకపోతే ఆ పని ఎక్కువైనట్టే. ఒక పుస్తకం పెట్టండి. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, రెండు గంటల తర్వాత ఎలా ఉంది, అంతే. పొద్దున బిగుసుకున్న చేతులతో కూర్చోవద్దు. ఇరవై నిమిషాలకొకసారి పాజ్ చేసి లేవండి. నెల తర్వాత ఆ పుస్తకం ఆమెకు చూపించండి, మీరే తీర్పు చెప్పకుండా. పుస్తకం మీకు వ్యతిరేకంగా మాట్లాడే ప్రమాదమూ ఉంది, అప్పుడు వినాలి. ఈలోగా ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు మీ చేయి స్టిక్ మీద ఉన్న ఫొటో తీసుకెళ్లండి. "కంప్యూటర్ వాడతాను" అంటే వాళ్లకు కీబోర్డు గుర్తొస్తుంది. ఫొటో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది.

ఇక మానేయడం. అది కూడా ఒక దారే, నేను దాన్ని ఓటమి అనను. పైవన్నీ చేశాక కూడా కూర్చోబుద్ధి కాకపోతే మానేయండి. ఇప్పుడే మానేస్తే మాత్రం మీరు మానేసింది చేయి వల్లనో, స్నేహితుడు అన్న మాట వల్లనో మీకే తెలియదు. జబ్బు ముదిరిన రోజుల్లో చేయి పెట్టకుండా దారి గీసుకోవడం, వాతావరణం చదువుకోవడం, ఆటోపైలట్ మీద దూరప్రయాణం చేయడం ఉన్నాయి. నక్షా గీసినవారికి దారి గీయడం కొత్త కాదు.

స్నేహితుల బృందానికి తిరిగి వెళ్లాలంటే రెండు దారులు. ఏమీ చెప్పకుండా సహాయాలు ఆన్ చేసుకుని వెళ్లవచ్చు. అప్పుడు ఎవరైనా పసిగడతారేమోనని మనసు అటే ఉంటుంది. లేదా మొదటి రోజే చెప్పేయవచ్చు. పైలట్లకు రేడియోలో "అనేబుల్" అనే మాట ఉంది. కంట్రోలర్ చెప్పినది చేయడం కుదరకపోతే ఆ ఒక్క మాట అంటారు. ఎవరూ దాన్ని తప్పుగా తీసుకోరు, ఇంకో దారి చూపిస్తారు. "పక్కగాలిలో రడ్డర్ నాకు అనేబుల్, నేను ఎ320లో వస్తాను" అని అంటే చాలు. దానికీ ఆయన నవ్వితే, ఎగరడానికి వేరే బృందాలు ఉన్నాయి.

మీ అబ్బాయి విషయం. ఇలాగే నటిస్తూ పోతే వచ్చే పుట్టినరోజుకు అతను దానికి జోడీగా ఇంకోటి కొంటాడు, అప్పుడు దాచాల్సినవి రెండవుతాయి. నిజం చెబితే ఒక పూట చిన్నబుచ్చుకుంటాడు. కాని ఆ కానుకలో సగం మీకు పనికొస్తుందని మీరు గమనించినట్టు లేదు. యోక్ పట్టుకోవాలి, నిజమే. థ్రాటిల్ లివర్లకు స్ప్రింగు లేదు, పెట్టిన చోట ఉంటాయి. పిడికిలి లేకుండా అరచేతి అంచుతో నెట్టవచ్చు. ఆరింటిలో ఒకదాన్ని ట్రిమ్‌కు, ఒకదాన్ని ఫ్లాప్స్‌కు మార్చుకోవచ్చు. పైకి ఎక్కువగా పొడుచుకు రాకపోతే పిడులు పెద్దవి చేయించవచ్చు. ఆ పని అతనికే అప్పగించండి. యోక్ ఏం చేయాలో కూడా అతన్నే అడగండి.

ఒక కంప్యూటర్‌కు తగిలించిన పరికరాలన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఈసారి అతను వచ్చేసరికి గుడ్డ తీసి సర్దకండి, ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి. చూసి అడుగుతాడు, చెప్పండి. చెప్పాక థ్రాటిల్ సెట్టును అతని వైపుకు జరిపి పక్కన కూర్చోబెట్టండి, ఎడమ చేతిలో స్టిక్ మీరు పెట్టుకోండి. గేర్ ఎత్తమని మీరు అంటారు, అతను ఎత్తుతాడు. మొదటిసారి ఫ్లాప్స్ లివర్ బదులు మిక్స్చర్ (ఇంజనుకు ఇంధనం పాలు మార్చే) లివర్ లాగి ఇంజను ఆపేస్తాడు, అందరూ చేసే పనే అది. తిట్టకండి. ఆ రాత్రి రెండు గంటలు గడిచాక పుస్తకంలో మాత్రం రాయడం మరవకండి.